అమృతవిలాసము : ఒక హాస్యధారావాహికయొక్క చిరజీవిత్వమునకు హేతువులు

రసములలో హాస్యమునకు ఆయుర్దాయము తక్కువ. శోకమునకు కారణములైన మరణవియోగాదులు అన్ని కాలములయందును ఒక్కతీరుననే యుండును గనుక కరుణరసకావ్యము వేయేండ్ల వెనుకటిదైనను చదువరికి కన్నీరు తెప్పించును. నవ్వునకు కారణములన్ననో వేషమునుబట్టియు, వాడుకనుబట్టియు, ఊరినిబట్టియు మాఱుచుండును. నిన్నటి వికృతవేషము నేడు సహజవేషమగును. నిన్న అందఱెఱిగిన పరిహాసము నేడు టీకను కోరును. టీక చదివి నవ్విన నవ్వు పాండిత్యమగును గాని హాస్యము కాదు. కాబట్టి ఒక హాస్యరచన పుట్టిన దినములు దాటి నిలిచినచో, అది అచ్చుపుస్తకము కాక టెలివిజను ధారావాహికయైనను, నిలుచుటకు హేతువును విచారించుట సాహిత్యవిమర్శకు తగిన పనియే.

తెలుగున అట్టి విచారమునకు మొదట తగినది ‘అమృతం’. ఇది 2001 నవంబరు 18న జెమిని టీవీయందు ఆరంభమై, ఆదివారపు రాత్రులందు ప్రసారమగుచు, సరిగా ఆఱేండ్లకు 2007 నవంబరు 18న ముగిసెను. భాగములు 313. దీనిని నిర్మించినవారు గుణ్ణం గంగరాజు. 1996లో ‘లిటిల్ సోల్జర్స్’ అను బాలల చలనచిత్రముచే అప్పటికే ప్రసిద్ధులు. దర్శకులు, రచయితలు పలువురు. వారిలో చంద్రశేఖర్ యేలేటి, ఎస్. ఎస్. కాంచి ఉన్నారు. ఇంగ్లండులో ముగ్గురు వృద్ధుల వినోదములను కథావస్తువుగా గొని 1973 మొదలు 2010 వఱకు సాగిన ‘లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్’ అను బి. బి. సి. హాస్యధారావాహిక ముప్పదియేడేండ్లలో 295 భాగములు పొందినది. తెలుగువారిది ఆఱేండ్లలోనే ఆ సంఖ్యను దాటినది. సంఖ్య గుణమునకు ప్రమాణము కాదు; కాని వారమునకొకటి చొప్పున ఇన్ని వారములు ఒకే యింటివారిని చూపి విసుగు పుట్టింపకుండుట సామాన్యమైన నిర్వాహము కాదు.

ఇతివృత్తము స్వల్పము. హైదరాబాదులో ఒక యింట ప్రక్కప్రక్క వాటాలలో అద్దెకున్న మిత్రులిద్దఱు, అమృతరావు, ఆంజనేయులు. అమృతరావు భార్య సంజీవని. ఆంజనేయులు భార్య శాంత. ఇంటి యజమాని అప్పాజీ. మిత్రులు నడపు హోటలు పేరు అమృతవిలాస్. అందు పనివాడు సర్వం. త్వరలో ధనవంతుడు కావలెనని అమృతరావు కోరిక. అందులకు వారమున కొక ఉపాయము తోచును. ఆంజనేయులు మొదట వలదనును, పిమ్మట వెంటబోవును. ఉపాయము చెడును, అద్దె బాకీ అట్లే యుండును. మూడువందల పైచిలుకు భాగములకు పునాది ఇంతియే.

పండితునకు ముందుగా కంటబడునవి పేర్లు. శ్రీకృష్ణదేవరాయలు తిమ్మరుసును అప్పాజీయని పిలిచెనని ప్రసిద్ధి. సామ్రాజ్యమును నిలిపిన మంత్రి బిరుదు ఇచ్చట నెల మొదటితేదీన అద్దెకై తలుపు తట్టు గృహయజమానికి దక్కినది. పురాణమున సంజీవనిని మోసికొనివచ్చినవాడు ఆంజనేయుడు. ఇచ్చట సంజీవని అమృతముయొక్క ఇల్లాలు, ఆంజనేయుడు పొరుగువాడు. అమృతమునకును సంజీవనికిని పోయిన ప్రాణము తెచ్చుటయే పని. ఈ యింట పోయిన పరువు తెచ్చుట ఆ యిల్లాలి పని. సర్వమును తెలిసినట్లు తిరుగుచు ఏమియు సరిగా చేయనివాడు సర్వం. పేర్లలోని చమత్కారము ఎఱిగినవానికి ఎఱిగినంత. ఎఱుగనివానికి కథ చెడదు. శ్లేష వినువాని ముక్కు పట్టి లాగకుండుట మంచి హాస్యమునకు లక్షణము.

ఆ యిల్లు ఏ పేటలోనిదైనను చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులకు అది పొరుగిల్లే. యజమాని పైయంతస్తున, అద్దెవారు క్రింది వాటాలలో. నల్లా నీరు వచ్చువేళకై అందఱి నిరీక్షణము. కరెంటు మీటరు గూర్చి తగవు. రాత్రి గేటునకు తాళము వేయువేళ గూర్చి యజమాని శాసనము. పండుగనాడు మాత్రము ఒకరింటి పిండివంట మఱియొకరింటికి పోవుట. చిక్కడపల్లి సందులలో ఒక తరము తెలుగు మధ్యతరగతి ఇట్టి వాటాలలో పెరిగినది. హోటలును అట్టిదే. నారాయణగూడ తాజ్‌మహల్ హోటలువంటి చోట్ల ఇడ్డెనును కాఫీయు తినుటకును త్రాగుటకును మాత్రమే గాక కూర్చుండి మాటలాడుటకును జనులు పోవు అలవాటు ఈ ప్రాంతమున స్థిరపడినది. భాగ్యనగరపు ఉద్యోగి విసుగుచెందినపుడు “ఈ ఉద్యోగము మాని ఒక టిఫిన్ హోటలు పెట్టుకొందును” అనుట వినని యిల్లు అరుదు. ఆ మాటను నిజముగా చేసినవారికి ఏమగునో చూపుటయే ‘అమృతం’.

నాటకముతో ఈ పేటలకున్న సంబంధమును గూడ ఇచ్చట తలపవలెను. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సంగీతసభలవలెనే నాటికలును సాగును. ఆ వేదిక ముందు కూర్చుండి చూచిన కండ్లకు ‘అమృతం’ చలనచిత్రముకంటె రంగస్థలమునకు దగ్గఱగా దోచును. నడుమ యుగళగీతములు లేవు, యుద్ధములు లేవు. రెండు మూడు గదులు, ఒక వాకిలి, ఒక భోజనశాల. ఎవరు ఏ తలుపున వచ్చెదరు, వచ్చువేళకు లోపల ఎవరు దాగియుండవలెను అనుటయే ప్రధానమైన శిల్పము. ప్రవేశనిష్క్రమణములయందు నవ్వును దాచుట ప్రహసనకర్తలెఱిగిన విద్య. టెలివిజను దానిని గదిలోనికి తెచ్చినది.

ఈ ధారావాహిక నిలుచుటకు సామాన్యముగా చెప్పబడు కారణములు రెండు. అశ్లీలము లేదు, పిల్లలతో పెద్దలతో కలసి చూడవచ్చుననుట మొదటిది. ఇది మెచ్చదగిన గుణమే. భరతుడు చెప్పిన ఆఱు విధముల నవ్వులలో స్మితహసితములు ఉత్తములవి, విహసితోపహసితములు మధ్యములవి, అపహసితాతిహసితములు అధములవి. ‘అమృతం’ నడుమ మెట్టు దాటి క్రిందికి దిగుట అరుదు. అయినను అశ్లీలము లేకుండుట ఒక అభావము. అభావము వస్తువును చెడకుండ కాపాడును గాని బ్రదికింపజాలదు. మిక్కిలి శుచియైన హాస్యనాటికలు ఎన్నియో మఱుపుపాలైనవి. రెండవది బాల్యస్మృతి. 2001లో పదేండ్లవారు నేడు తమ చిన్ననాటి ఆదివారములను తలచికొని చూచుచున్నారనుట కొంతవఱకు సత్యము. కాని ధారావాహిక ముగిసిన పిమ్మట పుట్టినవారును యూట్యూబునందు దానిని చూచి నవ్వుచున్నారు. వారికి తలచికొనుటకు ఆ ఆదివారములు లేవు. కాబట్టి హేతువు రచనలోననే వెదకవలెను.

శృంగారమునుండి హాస్యము పుట్టునని భరతుని మతము. అభినవగుప్తుడు దీనిని విస్తరించి, శృంగారమే కాదు, ఏ రసమైనను తగనిచోట ప్రవర్తించి ఆభాసమైనచో హాస్యమునకు విభావమగునని వ్యాఖ్యానించెను. తెలుగు హాస్యచరిత్రకు ఈ సూత్రము తాళపుచెవి వంటిది. గురజాడవారి గిరీశమునందు ఆభాసమైనది సంస్కారము; నోట సంఘసంస్కరణము, కడుపులో స్వార్థము. చిలకమర్తివారి గణపతియందు ఆభాసమైనది విద్య. మొక్కపాటివారి పార్వతీశమునందు మొగల్తూరు వీథి కొలతతో ఇంగ్లండును కొలుచు లోకజ్ఞానము. అమృతరావునందు ఆభాసమైనది ఉత్సాహము. ఉత్సాహము వీరరసమునకు స్థాయిభావము. ధీరోదాత్తుడు సముద్రమునకు వారధి కట్టబూనునపుడు ఎంత ఉత్సాహముండునో, ఇతడు ఒక పాత సామానును లాభమునకు అమ్మబూనునపుడు అంత ఉత్సాహముండును. సాధనమునకును సాధ్యమునకును నడుమనున్న ఈ అంతరమే ఇచ్చటి హాస్యమునకు మూలము. ఇట్టి వీరాభాసము ఏ వేషమునకును ఏ వాడుకకును కట్టుబడినది కాదు. ధనికుడగుటకు అడ్డదారి వెదకు మనుష్యుడు లోకమున ఉన్నంతకాలము దీనికి టీక అక్కఱలేదు.

నిర్వహణమును చూచినచో మఱియొక విశేషము కనబడును. నాటకలక్షణకర్తలు కార్యమునకు ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని ఐదవస్థలు చెప్పిరి. ‘అమృతం’లోని భాగము మొదటి మూడింటిని శాస్త్రోక్తముగా నడపును, కొన్నిమాఱులు నియతాప్తి ముంగిటికి గూడ వచ్చును, ఫలాగమము రాదు. రాకపోవుట విషాదమును గావలెను, కాలేదు. ఏలయనగా, పోయిన ఫలము వచ్చే ఆదివారమునకు వాయిదాపడినట్లే చూచువానికి దోచును. మిత్రుని నష్టమునకు కారణమైనవాడు మిత్రుడుగానే మిగులును. అద్దె యీయని అద్దెవాడు ఆ యింటనే మిగులును. పనిచెడగొట్టిన సర్వం ఆ హోటలులోనే మిగులును. ఫలము నశించును, సంబంధము నశింపదు. ఈ రెండవదానియందు చూచువానికి గల నమ్మకమే మొదటిదానిని నవ్వుగా మార్చుచున్నది.

జానపదవాఙ్మయమునందు ఆవృత్తముగా సాగు హాస్యకథలు తెలుగువారికి రెండు కుటుంబములు కలవు. తెనాలి రామకృష్ణకథలు ఒకటి. పరమానందయ్యశిష్యుల కథలు మఱియొకటి. మొదటివానిలో యుక్తి ఎల్లప్పుడును గెలుచును. రెండవవానిలో తెలివితక్కువతనము ఎల్లప్పుడును పని చెడగొట్టును; అయినను గురువు శిష్యులను విడువడు. అమృతరావు ప్రతి భాగమును తెనాలి రామకృష్ణుడ ననుకొని మొదలుపెట్టి పరమానందయ్యశిష్యుడుగా ముగించును. ఒక జాతి తన బుద్ధినిగూర్చి కన్న కలయు, తన బుద్ధినిగూర్చి ఎఱిగిన నిజమును ఒకే పాత్రలో ఇట్లు కూడినవి.

ఆంగ్లేయుల హాస్యధారావాహికలలో దీనికి సన్నిహితములు రెండు. 1975, 1979 సంవత్సరములలో జాన్ క్లీజ్, కానీ బూత్ రచించిన ‘ఫాల్టీ టవర్స్’ ఒక హోటలు కథ. భాగములు పండ్రెండే. అందలి యజమాని బేసిల్ ఫాల్టీ అతిథులను ద్వేషించును. స్పెయిన్ దేశపు పరిచారకుని మొట్టును. అచ్చట నవ్వునకు మూలము క్రోధము. అది పండ్రెండు భాగములకు మించి సాగకుండుట ఆ రచయితల వివేకము. క్రోధమును మూడువందల వారములు భరించుట కష్టము. రెండవది జాన్ సలివన్ రచించిన ‘ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్’. 1981లో మొదలై, విశేషభాగములతో 2003 వఱకు నడచినది. లండనులోని పెకమ్ పేటయందు డెల్ అనువాడును అతని తమ్ముడు రాడ్నీయు ఒక మూడుచక్రముల బండిపై చిల్లరవర్తకము చేయుదురు. వచ్చే సంవత్సరమీపాటికి లక్షాధికారులమగుదుమని డెల్ ఆశ. అమృతరావునకు ఇంతకంటె దగ్గఱచుట్టము లేడు.

ఆ ధారావాహికచరిత్రలో విమర్శకునకు మిక్కిలి ఉపయోగపడు సంఘటన మొకటి కలదు. 1996 క్రిస్మసునాటి విశేషభాగమున రచయిత ఆ సోదరులకు ఫలాగమము ననుగ్రహించెను. వారి కొట్టులో పడియున్న పాతగడియారమొకటి అమూల్యమైనదని తెలిసి, వేలములో అరువదిలక్షల పౌనులకు పైగా పలికెను. దానిని రెండు కోట్ల నలువది మూడు లక్షలమంది చూచిరి. కథ అంతటితో ముగిసినచో అది చక్కని భరతవాక్యము. కాని 2001లో పాత్రలను మఱల తెచ్చునపుడు రచయిత మొట్టమొదట చేయవలసివచ్చిన పని ఆ ధనమంతయు పోగొట్టుట. ధనమున్న డెల్ హాస్యపాత్ర కాజాలడు. ఏ రచయితయు తన పాత్రల లేమిని ఇంత స్పష్టముగా మూలధనమని ఒప్పుకొనియుండలేదు.

తెలుగు రచయితలు ఆ తప్పు చేయలేదు, వేఱొకటి చేసిరి. 2014లో గంగరాజే ‘చందమామలో అమృతం’ అను చలనచిత్రమును తీసిరి. అమృతరావు ఆంజనేయులు చంద్రమండలమున హోటలు తెఱచుట అందలి కథ. పాత్రలకు ధనము రాలేదు గాని స్థలము పోయినది. ఉపాయము ఎంత విపరీతమైనను అది పుట్టిన గది ఇఱుకుగా, ఎఱిగినదిగా ఉండవలెను. అప్పుడే వైపరీత్యము వైపరీత్యముగా కనబడును. చంద్రునిపై అంతయు విపరీతమే గనుక ఏదియు విపరీతము కాదు. అద్దెగేటునకు తాళము వేయు అప్పాజీ భూమిమీద భయంకరుడు. ఆకాశమున ఆతని కధికారమేమి? ఆ చిత్రము ధారావాహికవలె జనుల నోట నిలువకుండుటకు ఇదియే చాలిన కారణము.

నటులనుగూర్చి ఒక్క విషయము చెప్పవలసియున్నది. నాయకపాత్రను మొదట శివాజీరాజా, పిమ్మట నరేశ్, ఆ వెనుక హర్షవర్ధన్ ధరించిరి. నాయకుడు రెండుమాఱులు మాఱినను కథ కూలలేదు. ఆంజనేయులు మాత్రము మాఱలేదు. ఆ పాత్ర గుండు హనుమంతరావుదే. దీనిలో రచనారహస్యమున్నది. అమృతరావు ఒక వ్యక్తి కాడు, ఒక అవస్థ. ఆశ ఎవరి ముఖమునైన ధరింపగలదు. ఆశను చూచి నవ్వవలెనన్నచో దానిని ప్రక్కనుండి చూచువాడొకడు కావలెను. సంస్కృతనాటకమున విదూషకుడు భోజనప్రియుడు, నాయకునకు నర్మసచివుడు. తనకు తెలివి తక్కువయైనట్లు కనబడుచు నాయకుని మోహమును బయటబెట్టువాడు. ఆంజనేయులు ఆ వంశమువాడు. గుండు హనుమంతరావు నటనయందు గొంతు హెచ్చదు, కనుబొమలు మాత్రము కొంచెము లేచును. అమృతరావు ఉపాయము చెప్పునపుడు ఆతడు ఒక క్షణము ఊరకుండును. రానున్న ఆపద యంతయు ఆతనికి తెలిసినట్లును, తెలిసియు తాను పోవక తప్పదన్నట్లును ఆ మౌనము చెప్పును. చలనచిత్రములలో ఆయనకు వందలకొలది చిన్న వేషములు దొరకినవి. ఇంతటి పాత్ర దొరకలేదు. ఆయన 2018 ఫిబ్రవరిలో మరణించిరి.

పాటనుగూర్చియు కొంత చెప్పవలెను. సిరివెన్నెల సీతారామశాస్త్రి రచింపగా కళ్యాణి మాలిక్ స్వరపఱచిన శీర్షికాగీతము ఆంజనేయులను సంబోధించి చెప్పబడినది. సంసారమును సాగరముతో పోల్చుట ప్రాచీనరూపకము. కవి ఆ రూపకమును విడువక వంటింటి కొలతకు కుదించెను. కరెంటు, అద్దె, దోమలు ఇత్యాదులను మహాయుద్ధములతో సరితూచెను. ప్రతి భాగమునకును ముందు వినబడుటచేత ఇది నాటకమునకు నాందివంటిదైనది. వేదాంతమును బోధింపక వేదాంతపు మాటలతో పరిహాసమాడుట తెలుగున చాటుకవులనుండి వచ్చుచున్న మార్గము.

స్త్రీపాత్రలయందు ధారావాహిక ప్రశంసకు కొంత, ఆక్షేపణకు కొంత పాత్రమగుచున్నది. మునిమాణిక్యము నరసింహారావుగారి కాంతము మొదలుకొని తెలుగు గృహహాస్యమునందు భార్య భర్తకంటె వివేకవతి. సంజీవని, శాంత ఆ పరంపరలోనివారు. మిత్రుల ఉపాయము చెడునని మొదట కనిపెట్టునది వారే. కాని కాంతమునకు తన నవ్వు తనకున్నది; భర్తను చూచి తాను నవ్వును. వీరిరువురును తఱచుగా కోపపడుటకే తెఱపైకి వత్తురు. భాగములు పెఱుగుకొలది ఈ కోపము ఒక యంత్రమైనది. హాస్యమునకు మూలము జీవమునందు యంత్రత్వము కనబడుటయే యని ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్సన్ 1900లో చెప్పెను. అది పాత్రయందు కనబడినచో హాస్యము, రచనయందు కనబడినచో దోషము.

ఇంతకంటె పెద్దదోషము భాషకు సంబంధించినది. కథ నడచునది హైదరాబాదు. చిక్కడపల్లి మార్కెటునందు నిలుచున్నవానికి గడియలోపల తెలంగాణపు పలుకుబడియు, దక్కనీ ఉర్దువును, కోస్తామాటయు, ఆంగ్లమిశ్రమును అన్నియు వినబడును. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారు నడపిన ఆంధ్రబాలికాపాఠశాల 1928లో పుట్టినది. తెలుగు చదువు దొరకుట కష్టమైన నాటి నగరమున తెలుగునకు చోటు సంపాదించుటకై చేసిన యత్నములలో అది ఒకటి. ఆ నగరపు తెలుగు పలుకుబడి అమృతరావు ఇంటిలో ముఖ్యపాత్రల నోట వినబడదు. వారిది ఇంచుమించుగా కోస్తాజిల్లాల శిష్టభాష. తెలంగాణపు మాటను రౌడీలకును సేవకులకును మాత్రము కట్టబెట్టిన చలనచిత్రముల దుర్మార్గముతో పోల్చినచో ఇది చిన్న నేరమే. కాని ఊరి సందులను, నల్లాలను, అద్దెలను ఇంత నమ్మకముగా చూపిన రచన ఊరి నోటిని చూపకుండుట లోపమే. నేటి చూపరులలో కొందఱు దీనిని ఆక్షేపించినచో వారు హాస్యము తెలియనివారని త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

మఱియొక ఆక్షేపణమున్నది, అది మఱింత గట్టిది. ఎన్నడును ఫలింపని ఆశను చూచి నవ్వుట లేమికి అలవాటుపడుట నేర్పదా? ఈ ప్రశ్న అశోక్‌నగరమున అడిగినచో మాటలకు బరువు వచ్చును. అచ్చటి ఇఱుకుగదులలో పోటీపరీక్షలకు చదువు యువకులు వేలకొలది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున తెల్లవాఱినది మొదలు చోటుకై వరుస. 2022 ఏప్రిలులో 503 గ్రూపు-1 ఉద్యోగములకు ప్రకటన వెలువడెను. ప్రాథమికపరీక్ష ఒకమాఱు ప్రశ్నపత్రములు బయటపడుటచేత 2023 మార్చిలో రద్దయ్యెను. మఱల జరిగినదియు అదే సంవత్సరమున ఉన్నతన్యాయస్థానముచే రద్దయ్యెను. 2024 ఫిబ్రవరిలో ఆ ప్రకటననే ఉపసంహరించి 563 ఉద్యోగములకు కొత్త ప్రకటన చేసిరి. వచ్చే సంవత్సరమీపాటికి అను మాట ఈ పేటలో పరిహాసము కాదు. అమృతరావు నష్టపోవుట తన పేరాసచేత. గ్రంథాలయమున కూర్చున్నవాడు నష్టపోవుట తన తప్పు లేకయే. ఈ రెంటిని ఒకటిగా చూపి, ఓడినవాడు నవ్వి ఊరకుండవలెనని చెప్పినచో ఆ హాస్యము నీచము.

‘అమృతం’ అట్లు చెప్పలేదనుటకు నిదర్శనము అమృతరావే. ఆతడు ఎన్నడును తృప్తిపడడు. ఆతని ఓటమిని చూచి నవ్వుదురు గాని, ఆతడు ప్రయత్నము మానవలెనని ఎవరును కోరరు. మానినచో వచ్చే ఆదివారము లేదు. తృప్తిని బోధించు హాస్యము నాయకుని చివరకు ఊరికి పంపి పొలము దున్నించెడిది. అట్టి కథలు తెలుగున కొఱతలేదు. ఇచ్చట ఓడినవానికి శిక్ష లేదు, నీతి లేదు. అప్పాజీ అద్దె అడుగును, సంజీవని కోపపడును, ఆంజనేయులు మఱల ప్రక్కన కూర్చుండును. పరీక్ష పోయినవాని గదికి ఆ రాత్రి స్నేహితుడొకడు వచ్చి ఏమియు మాటలాడక కూర్చుండుట ఎట్టిదో, ఆ కూర్చుండుట అట్టిది. రాత్రి భోజనవేళ ఫోనుతెఱపై ఇరువదియేండ్ల వెనుకటి భాగమొకటి పెట్టికొను యువకుడు దానియందు పొందునది లేమితో రాజీ కాదు; సాహచర్యము.

భాగములన్నియు సమానములు కావు. 313 లో సుమారు మూడవవంతు నేడు చూచినను నిలుచును. కొన్ని ఒక్క చమత్కారమును ఇరువదినిమిషములకు సాగదీసినవి. కడపటి సంవత్సరముల భాగములలో కొన్నిట సంభావ్యత మరీ పలుచనైనది. వారమువారమును వ్రాసినదానికి ఇది తప్పదు. పత్రికలకు వ్యాసములు వ్రాసిన పానుగంటివారి సాక్షియందును అన్ని వ్యాసములు ఒక్క ఎత్తున లేవు. మంచివానినిబట్టియే ఆ గ్రంథము నిలిచినది.

2020లో గంగరాజు ‘అమృతం ద్వితీయం’ అని రెండవదానిని జీ5 ద్వారమున వెలువరించిరి. హర్షవర్ధన్ మఱల అమృతరావు, శివన్నారాయణ అప్పాజీ, వాసు ఇంటూరి సర్వం. ఆంజనేయులుగా ఎల్. బి. శ్రీరామ్ వచ్చిరి. ఆయన స్వయముగా రంగస్థలము నెఱిగిన రచయిత, నటుడు, తనదైన ఆంజనేయులను చూపిరే గాని వెనుకటివానిని అనుకరింపలేదు, అది మర్యాద. అయినను ఉపాయము విన్న మఱుక్షణమున ఉండవలసిన ఆ మౌనము, చూపఱులు ఎదురుచూచినచోట రాలేదు. మొదటి భాగము వెలువడిన దినము మార్చి 25, ఉగాది. మహమ్మారి కారణమున దేశమంతట ఇల్లు కదలరాదను ఆజ్ఞ అమలులోనికి వచ్చినదియు ఆనాడే. నారాయణగూడలోను చిక్కడపల్లిలోను హోటళ్లన్నియు తలుపులు మూసికొనియుండగా అమృతవిలాస్ ఒక్కటి తెఱచిరి.